తోటి వ్యాపారుల దగ్గర నేర్చుకోవడం ఎలా? చిన్న యూనిట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు దగ్గర పొడులు, పచ్చళ్ల యూనిట్. ఆరుగురు పనిచేస్తారు. మాలాంటి చిన్న యూనిట్ల వాళ్లం పదిమందిమి నెలకోసారి ఎవరో ఒకరి షెడ్డులో కూర్చుంటాం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని ఇలా కూర్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## అడుగు వేయకముందు

పోటీదారుడు తన కిటుకులు నాకెందుకు చెప్తాడు?

అదే బజారులో అదే సరుకు అమ్మేవాడు చెప్పడు. చెప్పాలని మనం ఆశించడమూ సబబు కాదు. కానీ మీలాంటి పనే చేస్తూ మీ గిరాకీ జోలికి రానివాళ్లు బోలెడంతమంది ఉంటారు. మీరు గుంటూరులో కారం అమ్ముతుంటే, ఖమ్మంలో పసుపు ఆడించేవాళ్లున్నారు, రాజమండ్రిలో స్వీట్లు ప్యాక్ చేసేవాళ్లున్నారు. సరుకు వేరైనా సీలింగ్ మెషిన్ ఒకటే, కరెంటు బిల్లు బాధ ఒకటే, అప్పు పెట్టి ఎగ్గొట్టే షాపులవాళ్లూ ఒకటే. చైనాలో చిన్న కంపెనీల యజమానుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో కూడా ఇదే తేలింది: ఒకరికొకరు పోటీ కాని చోట యజమానులు తమకు తెలిసిన సంగతిని మిగతావాళ్లతో ఎక్కువగా పంచుకున్నారు. పచ్చడి పాళ్లు అడగకండి. మోటారు ఎవరు బాగుచేస్తారు, కవర్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ పని రెండుసార్లు చేయాల్సి వస్తోంది అని అడగండి. ఇవి దాచుకునేవాళ్లు తక్కువ.

కలిసి కూర్చుంటే నిజంగా వ్యాపారం పెరుగుతుందా, లేక కాలక్షేపమేనా?

పెరుగుతుంది, దానికి గట్టి రుజువు ఉంది. చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో 2,820 కొత్త కంపెనీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరు యజమానులను చిన్న చిన్న గ్రూపులుగా చేశారు. వాళ్లు ఏడాదిపాటు నెలకోసారి కలుసుకున్నారు. మిగతావాళ్లను అలాగే వదిలేశారు. కలుసుకున్న వాళ్ల అమ్మకాలు మిగతావాళ్ల కంటే 8.1 శాతం పెరిగాయి, లాభాలూ పెరిగాయి. మీటింగులు ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. మెరుగ్గా నడుస్తున్న కంపెనీలున్న గ్రూపుల్లో పడినవాళ్లు ఇంకా ఎక్కువ ఎదిగారు. నెలకు ఒక పూట కేటాయించినందుకు ఇది చిన్న ఫలితం కాదు.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, పనిగట్టుకుని వెళ్లి చూడటం దేనికి?

మా సంగతే చెప్తాను. ఒక ఏడాది మా కందిపొడి ప్యాకెట్లు షాపుల నుంచి వరసగా వెనక్కి వచ్చాయి. సీల్ దగ్గర విడిపోయి, పొడి కారిపోయి, అట్టపెట్టె అడుగంతా పొడే. బ్యాండ్ సీలర్ (కవరు మూతిని వేడితో అతికించే మెషిన్) వేడి పెంచితే కవరు ముడుచుకుపోయేది, తగ్గిస్తే అతికేది కాదు. మెషిన్ అమ్మినవాళ్లు కవరు తప్పన్నారు, కవర్లవాళ్లు మెషిన్ తప్పన్నారు. వీడియోలు ఎన్ని చూశామో లెక్కలేదు.

ఒంగోలు వైపు ఒక యూనిట్‌కి వేరే పని మీద వెళ్లాం. అక్కడ ఒక అమ్మాయి పొడి నింపుతోంది. పొడవాటి గొట్టం ఉన్న స్టీలు గరాటును కవరు అడుగుదాకా దించి పొడి పోస్తోంది. గరాటు తీశాక తడి లేని గుడ్డతో కవరు మూతి లోపలివైపు ఒక్కసారి తుడిచి, అప్పుడు సీలింగ్‌కి పంపుతోంది. మా దగ్గర పొట్టి గరాటు. పొడి మూతి అంచులకు అంటుకుంటోంది, ఆ నలుసుల మీద సీల్ అతకట్లేదు. అంతే సంగతి! ఆ అమ్మాయికి అది చెప్పాల్సిన విషయమనే తెలియదు, చేతికి అలవాటైపోయిన పని. వీడియో తీసేవాళ్లు కూడా అది చూపించరు.

ఇండొనేషియా రాజధాని జకార్తాలో చిన్న దుకాణదారుల మీద ఇలాంటి ప్రయోగమే జరిగింది. బాగా నడుపుకుంటున్న స్థానిక దుకాణాల పద్ధతులన్నీ ఒక పుస్తకంగా వేసి పంచారు. పుస్తకం ఒక్కటే ఇచ్చినచోట ఏ మార్పూ కనిపించలేదు. దానికి తోడు అలా చేసి బాగుపడినవాళ్ల కథ తెర మీద చూపించినచోట, మనిషి దుకాణానికి వచ్చి దగ్గరుండి సాయం చేసినచోట లాభాలు పెరిగాయి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి? పెద్ద కంపెనీ దగ్గరా, మనలాంటివాళ్ల దగ్గరా?

మీకంటే ఒక మెట్టు పైన ఉన్నవాళ్ల దగ్గర. మీరు రోజుకు యాభై కిలోలు చేస్తుంటే, రెండొందల కిలోలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. మూడు నాలుగేళ్ల కింద వాళ్లు మీ స్థితిలోనే ఉండి ఉంటారు, ఏది ముందు కొన్నారో ఏది అనవసరంగా కొన్నారో ఇంకా గుర్తుంటుంది. రోజుకు పది టన్నులు చేసే ఫ్యాక్టరీ చూస్తే కళ్లు చెదురుతాయి కానీ మీ షెడ్డులోకి తెచ్చుకోగలిగింది పెద్దగా ఉండదు.

మాకు పెద్ద చదువు లేదు. కొత్తది కనిపెట్టడం మాలాంటివాళ్ల వల్ల అవుతుందా?

చింతకింది మల్లేశం గారి సంగతి తెలుసుకోండి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చేనేత కుటుంబం, బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. తల్లి లక్ష్మిగారు భుజం నొప్పితో పడే బాధ చూడలేక 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో మనం ముఖ్యంగా చూడాల్సింది ఒకటుంది. యంత్రంలో ఒక కదలిక ఎన్నేళ్లకీ కుదరక ఆయన చాలా కాలం ఆగిపోయారు. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యూనిట్‌లో కరెంటు పనికి వెళ్లినప్పుడు, అక్కడ నడుస్తున్న ఒక మెషిన్‌లో తనకు కావాల్సిన కదలిక కనిపించింది. మగ్గంతో సంబంధమే లేని చోట మగ్గం సమస్యకు జవాబు దొరికింది. అందుకే మా గ్రూపులో పచ్చళ్లవాళ్లతో పాటు ఒక ప్రింటింగ్ ప్రెస్సాయన, ఒక ఫర్నిచర్ షెడ్డాయన కూడా ఉన్నారు.

## వెళ్లి చూసేటప్పుడు

ఇంకొకరి యూనిట్‌కి వెళ్లినప్పుడు ఏం అడగాలి?

"ఇది ఎంతకు కొన్నారు?" అనేది అందరూ మొదట అడిగే ప్రశ్న. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సింది. ధర ఏ డీలరైనా చెప్తాడు. డీలరు చెప్పనివి అడగండి. పోయిన నెలలో ఎన్ని రోజులు ఆగిపోయింది? ఆగితే ఎవరు వచ్చారు, ఎన్ని రోజులకు వచ్చారు? ఏ విడిభాగం త్వరగా అరిగింది, అది మన ఊళ్లో దొరుకుతుందా, కోయంబత్తూరు నుంచో అహ్మదాబాద్ నుంచో రావాలా? ఇది వచ్చాక కరెంటు బిల్లు ఎంత పెరిగింది? కడగడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ఆఖరి ప్రశ్న ఆహారం పని చేసేవాళ్లు తప్పక అడగాలి. గంటలో రుబ్బి, రెండు గంటలు కడిగే మెషిన్లు నేను చూశాను.

వీలైతే ఇదీ అడగండి: "ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటారా?" జవాబు కంటే ముందు వాళ్లు ఆగే ఆ క్షణాన్ని గమనించండి.

వాడి మానేసినవాళ్లను కూడా వెతకండి. వాడుతున్నవాళ్లు మంచే చెప్తారు, మానేసినవాళ్లకు కారణం తెలుసు. ఇద్దరి మాటా వింటేగానీ లెక్క పూర్తికాదు.

మర్యాదలు కూడా ఉన్నాయి. ముందే ఫోన్ చేసి వెళ్లండి. పండగ సీజన్లో, ఆవకాయ రోజుల్లో వెళ్లకండి. అడగకుండా ఫొటోలు తీయకండి. వాళ్ల పనివాళ్లను మీ దగ్గరికి రమ్మని ఎప్పుడూ పిలవకండి, ఆ ఒక్క పనితో మీకు ఊళ్లో అన్ని తలుపులూ మూసుకుపోతాయి.

లాభాలు ఎక్కువ చేసి చెప్తారు. నమ్మేదెలా?

మాట కంటే వస్తువు నిజం చెప్తుంది. మెషిన్ మీద గుడ్డ కప్పి ఉందా, స్విచ్ చుట్టూ చేతి మరకలు ఉన్నాయా? రోజూ వాడేదానికి స్విచ్ దగ్గర రంగు పోతుంది. కొత్తగా మెరుస్తూ, పక్కన గోనె సంచులు పెట్టి ఉంటే అది వాడకంలో లేదు. లాభం ఎంత అని అడిగితే ఎవరికైనా ఇబ్బందే, గంటకు ఎన్ని కిలోలు దిగుతోంది అని అడిగితే నిజం చెప్తారు. మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

ఆడవాళ్లం. ఒంటరిగా ఈ మీటింగులకు, యూనిట్లకు వెళ్లాలంటే ఇబ్బందిగా ఉంటోంది.

ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లండి. మొహమాటం పోగొట్టడానికి మాత్రమే ఇలా అనట్లేదు. అహ్మదాబాద్‌లో మహిళల సహకార బ్యాంకు అయిన సేవా బ్యాంకు ఖాతాదారులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చారు. కొందరిని ఒంటరిగా పిలిచారు, కొందరిని స్నేహితురాలితో రమ్మన్నారు. శిక్షణ ఒకటే. నాలుగు నెలల తర్వాత చూస్తే స్నేహితురాలితో వచ్చినవాళ్లే ఎక్కువగా వ్యాపారం కోసం అప్పు తీసుకున్నారు, వ్యాపారం పెంచుకున్నారు. విన్నదాన్ని దారిలో మాట్లాడుకోవడానికి, ఇంటికొచ్చాక "ఏమైంది, మొదలుపెట్టావా?" అని అడగడానికి ఒక మనిషి ఉండటం చాలా పెద్ద బలం. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకు ఆ తోడు ఇప్పటికే ఉంది. పొదుపు, వాయిదాలతో పాటు వ్యాపారం మాట కూడా అక్కడ ఎత్తండి.

## కొనే ముందు

అందరూ కొంటున్నారు. మేమూ కొనేయాలా?

నచ్చకపోతే వెనక్కి తీసుకోగలిగినదా కాదా అన్నది చూడండి. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టాలా వద్దా అని ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. పక్క షాపు పెట్టింది, మనమూ పెట్టాం, నచ్చకపోతే తీసేస్తాం. అప్పు చేసి ఆరు లక్షలు పెట్టే మెషిన్ అలాంటిది కాదు. దానికి ముందు మీ సరుకు పాతిక కిలోలు తీసుకెళ్లి, ఆ మెషిన్ ఉన్నవాళ్ల దగ్గర కూలికి ఆడించుకోండి. నాలుగుసార్లు ఆడిస్తే రంగు, ఘాటు, తరుగు అన్నీ తెలుస్తాయి. కొందరికి ఆ లెక్క చూశాక మెషిన్ కొనడం కంటే ఎప్పటికీ కూలికి ఆడించుకోవడమే నయమని తేలింది.

ముందే కొంటే నష్టపోతామా, ఆలస్యమైతే వెనకబడతామా? ఎప్పుడు దిగాలి?

కొంచెంగా ముందే దిగండి, పూర్తిగా తర్వాత దిగండి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతులు హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనానికి ఎలా మారారో 1943లో ఒక అధ్యయనం వచ్చింది. విత్తనం 1928 ప్రాంతంలో వచ్చింది. అడిగిన 259 మందిలో 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ మారారు. విత్తనం సంగతి ఎక్కువమంది మొదట విన్నది అమ్మేవాళ్ల నోట, కానీ వేయాలని నిర్ణయించుకున్నది పొరుగు రైతుల మాట మీద. అంత మంచి విత్తనాన్ని కూడా చాలామంది మొదటి ఏడాది పొలంలో కొద్ది భాగంలోనే వేసి చూశారు. మన దగ్గర మిరప రైతు కొత్త రకాన్ని అరెకరంలో వేసి చూడటం ఇదే. మన షెడ్డులోనూ ఒక్క రకం పొడి మీద, ఒక్క సైజు ప్యాకెట్ మీద ముందు చేసి చూడొచ్చు.

సబ్సిడీ వస్తుందంటున్నారు. అయితే కొనేయొచ్చు కదా?

సబ్సిడీ లేకపోయినా కొంటారా? కొంటామంటేనే సబ్సిడీకి వెళ్లండి. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం 2020లో పీఎంఎఫ్ఎంఈ పథకం తెచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు సబ్సిడీ. మీ వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. చాలామందికి తెలియనిది, తెలిశాక టెన్షన్ పడేది ఇది: ఆ సబ్సిడీ మీ చేతికి నగదుగా రాదు. బ్యాంకులో విడిగా ఉంటుంది. మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సరిగ్గా కడితేనే అప్పులో సర్దుబాటు అవుతుంది. దాన్ని చేతి డబ్బుగా లెక్కేసుకుని ముడిసరుకు కొనడానికి మిగల్చుకోనివాళ్లు ఇబ్బంది పడ్డారు. పథకం గడువు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రంలో స్వయంగా అడిగి తెలుసుకోండి.

## తెచ్చుకున్నాక

కొత్త మెషిన్ తెచ్చాం. పనివాళ్లు మాత్రం పాత పద్ధతే పట్టుకుని వేలాడుతున్నారు. ఏం చేయాలి?

వాళ్లకు కూలి ఎలా ఇస్తున్నారో ముందు చూడండి. ఫుట్‌బాల్ బంతుల తయారీకి పేరుపడ్డ పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో పరిశోధకులు ఒక కొత్త కటింగ్ అచ్చు తయారుచేసి కొన్ని ఫ్యాక్టరీలకు ఉచితంగా ఇచ్చారు. దాంతో రెక్సిన్ వృథా తగ్గుతుంది, యజమానికి స్పష్టంగా లాభం. అయినా 15 నెలలు గడిచినా వాడినవాళ్లు చాలా కొద్దిమంది. కారణం ఏమిటంటే, అక్కడ కోసేవాళ్లకు ముక్కకింత అని కూలి. కొత్త అచ్చు మీద చేయి మొదట్లో నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. వృథా తగ్గిన లాభం యజమానికి పోతుంది, నష్టం మాత్రం తమకు. అందుకే "ఇది పనిచేయదు సార్" అని యజమానికి చెప్పేశారు, ఆయన నమ్మేశాడు. తర్వాత కొన్ని ఫ్యాక్టరీల్లో, కొత్త అచ్చుతో పని వచ్చని చూపిస్తే ఒక నెల జీతమంత బోనస్ ఇస్తామన్నారు. అక్కడ వాడకం పెరిగింది.

మా దగ్గర ప్యాకింగ్‌కి ప్యాకెట్టుకింత అని ఇచ్చేవాళ్లం. పొడవాటి గరాటు, మూతి తుడవడం మొదలుపెట్టాక చేయి నెమ్మదించింది. మా ప్యాకింగ్ చేసే పెద్దమ్మ ఒకరోజు సాయంత్రం లెక్క చూసుకుని ఏమీ అనకుండా పొట్టి గరాటు మళ్లీ తీసింది. ఆమె తప్పేమీ లేదు. ఆ రోజు ఆమెకు నలభై రూపాయలు తగ్గాయి. మర్నాటి నుంచి పదిహేను రోజులు అందరికీ రోజుకూలి లెక్కన ఇచ్చాం, చేయి తిరిగాక మళ్లీ ప్యాకెట్ లెక్కకు వచ్చి, రేటు కొంచెం పెంచాం. తిరిగొచ్చే సరుకు తగ్గిన దాంట్లో ఆ పెంపు ఎప్పుడో కలిసిపోయింది.

వాళ్ల దగ్గర బ్రహ్మాండంగా నడిచింది, మా దగ్గర నడవట్లేదు. ఎందుకు?

చుట్టూ ఉన్నవి వేరు కాబట్టి. కరెంటు త్రీ ఫేజా, వోల్టేజ్ సాయంత్రం పడిపోతోందా? కోస్తాలో వానాకాలం చెమ్మకు పొడి గడ్డకడుతుంది, అనంతపురంలో ఆ బాధ తక్కువ. తేజ మిర్చికి కుదిరిన జల్లెడ, సెట్టింగ్ బ్యాడిగి మిర్చికి అలాగే కుదరాలని లేదు. నేర్పినవాళ్లను ఒకసారి మీ షెడ్డుకు పిలిచి, భోజనం పెట్టి, పక్కన నిలబెట్టుకుని మెషిన్ నడపండి. చూసిన పది నిమిషాల్లో తేడా పట్టేస్తారు.

ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మార్పుకు ముందు రెండు వారాలు, మార్పు తర్వాత రెండు నెలలు ఒకే లెక్క రాయండి. ఎన్ని కిలోలు, ఎంత వృథా, ఎన్ని వెనక్కి వచ్చాయి. మూడు గళ్లు చాలు. ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం జరిగింది. నేతలో వచ్చే లోపాలు రోజూ రాయడం, నూలు స్టాకుకు చీటీలు అంటించి వరసలో పెట్టడం, నేల శుభ్రంగా ఉంచడం వంటి మామూలు పద్ధతులు నేర్పితే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అవన్నీ డబ్బులు పెద్దగా అడగని పనులు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఆ పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. కాబట్టి రాయడం మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, మేనేజర్ మారినప్పుడు ఆ పుస్తకం కొత్తవాళ్ల చేతిలో పెట్టడం అంతే ముఖ్యం.

## గ్రూపు నడపడం

మా ఊళ్లో ఇలాంటి గ్రూపు లేదు. ఎలా మొదలుపెట్టాలి?

నలుగురితో మొదలుపెట్టండి, పది పన్నెండు దాటనివ్వకండి. తేదీ ఖాయం చేయండి, మాది రెండో ఆదివారం పొద్దున పది గంటలకు. హోటల్లో వద్దు, ప్రతి నెలా ఒకరి షెడ్డులో. ఆ నెల ఆతిథ్యం ఇచ్చేవాళ్లు తమ సమస్య ఒక్కటి చెప్పాలి, మిగతావాళ్లు చూసి మాట్లాడాలి. చీటీపాటలు, ఇన్సూరెన్స్ అమ్మకాలు, రాజకీయాలు ఆ రెండు గంటలు బయటే.

వాట్సాప్ గ్రూపు సరిపోదా?

మెకానిక్ నంబరుకు సరిపోతుంది. నష్టం వచ్చిందని అందులో ఎవరూ రాయరు.

అందరం ఒకే రేటుకు అమ్ముదామని గ్రూపులో అనుకోవచ్చా?

వద్దు. పోటీదారులు కలిసి ధర ఖాయం చేసుకోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద నేరుగా సమస్య తెచ్చేది, జరిమానాలు పడతాయి. ఖర్చు ఎలా తగ్గించాలో మాట్లాడుకోండి, అమ్మే రేటు మాత్రం ఎవరిది వాళ్లకే వదిలేయండి.

నేను నేర్పిందే కాపీ కొట్టి మా వీధిలోనే యూనిట్ పెట్టారు. ఇక ఎవరికీ ఎందుకు చెప్పాలి?

ఆ బాధ నాకు తెలుసు. మా దగ్గర మూడేళ్లు పనిచేసిన అబ్బాయి పెట్టాడు. మొదటి ఆరు నెలలు అటువైపు చూడలేకపోయాను. మీ పేరు, లోగో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకోండి, పాళ్లు ఇంట్లోనే ఉంచుకోండి. పద్ధతి మాత్రం ఎలాగూ ఆగదు, నేనూ ఎవరి దగ్గరో చూసి తెచ్చుకున్నదే.

ఒకే సరుకు పక్కపక్కనే చేసేవాళ్లు కలిసి బాగుపడిన చోట్లు కూడా ఉన్నాయి. ఆత్రేయపురంలో ఇల్లిల్లూ పూతరేకులే, అందుకే ఆ ఊరి పేరే బ్రాండ్ అయింది. తయారీదారుల సంఘం పూనుకోవడంతో 2023లో జీఐ గుర్తింపు (సరుకుకు దాని ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఒక్క ఇల్లే ఆ విద్యను దాచుకుని ఉంటే ఆ గుర్తింపు వచ్చేది కాదు.

ఆ అబ్బాయి ఇప్పుడు నిమ్మకాయ పచ్చడి వైపు వెళ్లాడు. జాడీల మూతలకు కొత్త రకం రింగులు ఎక్కడ దొరుకుతాయో పోయిన నెల అతనే ఫోన్ చేసి చెప్పాడు.